మా రాధామనోహరం, మీ సీమచింత

కామారెడ్డి,
16 మార్చి 1986.

హఫీజాకు,

నువ్వు పంపిన సీమచింతకాయలు అందాయి. బస్సు కండక్టరు నిన్న సాయంత్రం సంచి ఇంటికే తెచ్చి ఇచ్చాడు. రెండు కిలోలని చీటీలో రాశావు. తూస్తే కిలో ముప్పావే ఉన్నాయి. అడగకముందే, "దారిల జర తిన్న అక్కా, మస్తు తియ్యగున్నయ్" అని తనే ఒప్పుకున్నాడు. కాబట్టి లెక్క సరిపోయింది.

కాయలు చాలా బాగున్నాయి. గింజ చుట్టూ గుజ్జు గులాబీ రంగులో ఉంది, వగరు లేదు. కానీ ఆ చీటీ చివర నువ్వు రాసిన మాటకు జవాబు ఇవ్వక తప్పదు. "మీ తీగ గోడ లేకపోతే నిలబడలేదు, మా చెట్టు ఎవరి మీదా ఆనదు" అన్నావు. నిజమే. అయితే మా అద్దె ఇంటి గోడకు ఆ తీగ పాకకముందు ఎవరైనా ఆగి చూశారా? ఇప్పుడు స్టేషనుకు పోయేవాళ్లు కూడా మా గేటు దగ్గర నడక తగ్గిస్తారు.

రాధామనోహరం సంగతి నీకు సరిగా తెలియదు, అందుకే రాస్తున్నాను. సాయంత్రం ఐదున్నర, ఆరు మధ్య మొగ్గ విచ్చుతుంది. అప్పుడు తెలుపు. మర్నాటికి గులాబీ. మూడో రోజుకు ఎరుపు. ఒక గుత్తిని చేతిలోకి తీసుకుంటే మొన్నటి పువ్వు, నిన్నటి పువ్వు, ఇవాళ్టి పువ్వు ఒకే కాడకు వేలాడుతుంటాయి. రోజూ ఎన్ని కొత్త గుత్తులు విచ్చుతున్నాయో నోటుబుక్కులో తేదీ వేసి రాస్తున్నాను. నువ్వు నవ్వుతావని తెలుసు. నవ్వు. మీ సీమచింత ఎప్పుడు పూస్తుందో నువ్వు ఏనాడైనా చూశావా? కాయ కనబడేదాకా పూసినట్టే తెలియదు.

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను. మీ ఇంటి కంచెలాంటిది నేను ఇంకెక్కడా చూడలేదు. సుద్ద తాడు పట్టి గీసినట్టు నడుము ఎత్తున సమంగా ఉంటుంది. మేక మూతి కూడా దూరదు. అదే వరుసలో, అదే విత్తనం నుంచి వచ్చిన మొక్క ఒక్కటి, మూల మీద కత్తి పడకుండా మిగిలి, పదిమంది కూర్చునే నీడ అయింది. కోస్తే కంచె, వదిలితే చెట్టు. అది నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

ఆయన బాగున్నారు. ఆకలి బాగుంది. వరండాలో మంచం వేసుకొని పూలు చూస్తుంటారు. మస్కట్ నుంచి బషీర్ అన్న క్షేమంగా ఉన్నట్టు ఉత్తరం వచ్చిందా? ఇక్కడ ఆయన బాగున్నారు.

నీ
ప్రమీల

*

ఎల్లారెడ్డి,
2 ఏప్రిల్ 1986.

ప్రమీలకు సలాం,

నీ తీగ గురించి చదివాను. ఏడో తరగతిలో కూడా నువ్వు ఇంతే. మనం గుంపుగా పోయి రేగుపళ్లు తింటే నువ్వు గింజలు లెక్కపెట్టేదానివి.

నీ తీగ అందం నేను కాదనను. కానీ అందం చూడ్డానికి మనిషికి తీరిక ఉండాలి. నా చెట్టుకు తీరికతో పని లేదు. పొద్దున తొమ్మిదింటికి వచ్చి చూడు. ఎనిమిది మంది ఆడవాళ్లు తునికాకు, తంబాకు చాటల్లో పెట్టుకొని దాని కింద బీడీలు చుడుతూ ఉంటారు. మీ ఆడబిడ్డ భూదేవి వాళ్లందరికీ పెద్ద. తండా నుంచి వచ్చే దేవ్లి వాళ్లందరిలో వాగుడుకాయ. పొద్దు తిరిగిన కొద్దీ వీళ్లూ చెట్టు చుట్టూ తిరుగుతారు. సాయంత్రానికి పడమటి నుంచి తూర్పుకు వచ్చేస్తారు. నీ తీగ నీడలో ఎనిమిది మంది పడతారా?

ఇక అసలు మాట. నీ ఉత్తరంలో "ఆయన బాగున్నారు" అని రెండుసార్లు ఉంది. బాగున్న మనిషి గురించి ఒకసారి రాస్తే చాలు. రామస్వామి అన్న బెల్లం మార్కెట్లో గుమాస్తా. మార్చి నెలలో, బండ్ల మీద బండ్లు బెల్లం దిగే రోజుల్లో, ఆయన వరండాలో మంచం మీద ఎందుకున్నారు?

భూదేవిని అడిగాను.

"మీ అన్న ఎట్లున్నడు?"

"మంచిగనే ఉన్నడు."

"మార్కెట్‌కు పోతలేడా?"

"నన్నడగకు హఫీజక్కా. వదినె ఒట్టు పెట్టిచ్చింది," అని వెంటనే నాలుక కరుచుకుంది. ఆ తర్వాత ఎంత గుచ్చినా బీడీల మీద నుంచి తల ఎత్తలేదు.

ఏమి దాచావు? రాయి. కార్డు మీద కాదు, కవరులో రాయి.

హఫీజా

*

కామారెడ్డి,
9 ఏప్రిల్ 1986.

హఫీజా,

కవరులోనే రాస్తున్నాను.

కిందటి నవంబరు 21న ఆయన మార్కెట్లో బెల్లం దిమ్మలు లెక్కపెడుతున్నారు. గట్టిగా పైకి లెక్కపెట్టడం వాళ్ల పద్ధతి, రైతుకు వినబడాలి కదా. నూట నలభై అన్నారట. నూట నలభై ఒకటి రాలేదు. అందరూ ఆయన నోటి వంక చూస్తున్నారు. అట్లాగే కుడి పక్కకు ఒరిగిపోయారు. పక్షవాతం.

కాలు కొంత వచ్చింది. గోడ పట్టుకొని గుమ్మం దాకా నడుస్తారు. కుడి చేయి రాలేదు. మాట పూర్తిగా పోయింది. ఏది అడిగినా తల ఊపుతారు. నా పేరు కూడా నోటికి రాదు.

నీకు ఎందుకు రాయలేదో చెబుతాను. అదే వారం బషీర్ అన్న మస్కట్ వెళ్లారు. నువ్వు ఒంటరిగా ఉన్నావు. రాస్తే మర్నాడే బస్సెక్కి వస్తావు. వచ్చి ఏడుస్తావు, నిన్ను చూసి నేనూ ఏడుస్తాను. అప్పుడు ఆయనకు అన్నం ఎవరు తినిపిస్తారు? అందుకే భూదేవితో ఒట్టు పెట్టించాను. దాన్ని ఏమీ అనకు.

ఫిబ్రవరి 9న ఒకటి జరిగింది. కాలం కాని కాలంలో తీగకు ఒక్క గుత్తి విచ్చింది. నేను పక్కన కూర్చొని బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. ఆయన ఎడమ చేయి ఎత్తి దాని వైపు చూపించి, "ఒకటి" అన్నారు. బొంగురుగా, కానీ స్పష్టంగా. చేట కింద పెట్టేశాను. మళ్లీ అనమన్నాను. అనలేదు. మర్నాడు సాయంత్రం రెండో గుత్తి వచ్చింది. "ఒకటి, రెండు" అన్నారు.

నా నోటుబుక్కు ఇందుకే. ఒక వరుసలో తేదీ, ఒక వరుసలో పూసిన గుత్తులు, ఇంకో వరుసలో ఆయన ఎంతదాకా చెప్పి ఆగారో. నిన్న గుత్తులు ఇరవై రెండు. ఆయన పదిహేడు దాకా వచ్చారు. డాక్టరు ఏమన్నాడంటే, జీవితమంతా నోటికి అలవాటైనవి కాబట్టి అంకెలు ముందు వస్తాయి, వాటి వెనక మిగతా మాటలు రావచ్చు, రోజూ చెప్పించమని. కాగితం మీద అంకెలు రాసి చూపిస్తే ముఖం తిప్పుకుంటారు. పువ్వులకే చెబుతారు.

ఇప్పుడు ఇంటి యజమాని ఎల్లయ్య ఆ తీగనే పీకేస్తానంటున్నాడు.

"అక్కా, తీగెల పామున్నది. మా ఇంటామె కండ్లార చూసింది."

"అది తొండ ఎల్లయ్యా. నేను రోజూ చూస్తున్న."

"పామో తొండో, గోడ కరాబైతున్నది గద. మిర్గం లోపల, వానలు పడకముందే తీసెయ్యిరి. లేకుంటె మా జీతగాళ్లతోని పీకిపిస్త."

ఏమి చెయ్యాలో తోచడం లేదు. ఇల్లు మారవచ్చు. కానీ పన్నెండేళ్ల తీగను వెంట తీసుకుపోలేను. ఆయన నోటికి ఇంకొక దారి నాకు తెలియదు.

ప్రమీల

*

ఎల్లారెడ్డి,
15 ఏప్రిల్ 1986.

ప్రమీలా,

నీ ఉత్తరం చదివి నేను ఏడ్చింది నీకు కనబడలేదు కదా, ఇక తృప్తిగా ఉండు. ఐదు నెలలు! భూదేవి నా చెట్టు కింద కూర్చొని ఐదు నెలలు నోరు మెదపలేదు. ఆమెను ఏమీ అనవద్దన్నావు కాబట్టి ఏమీ అనలేదు. చాయ్ మాత్రం రెండు రోజులు ఇవ్వలేదు.

నేను ఇప్పుడే రావాలనుకున్నాను. కానీ వస్తే ఏడుస్తానన్నావు. అందుకే పనికొచ్చే మాట ఒకటి రాస్తున్నాను.

ఎల్లయ్యకు తీగతో తగాదా లేదు, తీగ ఎత్తుతో తగాదా. మా అత్త నలభై ఏళ్లు పాటించిన పద్ధతి చెబుతాను. ఏటా మిర్గానికి వారం ముందు కంచె కోసే తేజ్యా కత్తి పట్టుకొని వస్తాడు. ఎంత పెరిగినా, ఎంత ముద్దుగా ఉన్నా, నడుము ఎత్తుకు నరికేస్తాడు. చూసేవాళ్లకు గుండె ఆగుతుంది. నెల తిరగకముందే పక్కల నుంచి చిగుర్లు తోసుకొచ్చి, ముందుకంటే రెండింతలు దట్టంగా అవుతుంది. నువ్వు మెచ్చుకున్న కంచె అట్లా తయారైందే.

ఎల్లయ్యతో చెప్పు, వేరు పీకవద్దు, మేమే నడుము ఎత్తుకు కోసి పెడతాం, గోడ నీకు కనబడుతుంది అని. వాడు ఒప్పుకుంటాడు. కోసేటప్పుడు మాత్రం జాలి పడకు. సగం సగం కోస్తే మొక్క చెడుతుంది.

దువా చేస్తున్నాను. రంజాన్ నెల వస్తోంది, ఆ నెలంతా చేస్తాను.

హఫీజా

*

కామారెడ్డి,
20 జూన్ 1986.

హఫీజాకు,

ఎల్లయ్య ఒప్పుకున్నాడు. జూన్ 5న తీగ కోయించాను. టేపు పెట్టి మూడడుగులకు గుర్తు గీసి, ఆ గుర్తు మీదే కోయించాను. నువ్వు చెప్పినట్టు జాలి పడలేదు. ఆ రోజు దాని మీద ముప్పై ఒక్క గుత్తులు ఉన్నాయి.

చిగుర్లు వస్తున్నాయి. పువ్వు ఒక్కటి లేదు. వానలు మొదలయ్యాయి, ఊళ్లో ఏ రాధామనోహరాన్ని చూసినా విరగబూసి ఉంది. మాది మొండెం.

కోసిన రోజు ఆయన కొమ్మలు బండిలోకి ఎత్తడం చూస్తూ కూర్చున్నారు. అంతకు ముందు రోజు ఇరవై ఎనిమిది దాకా చెప్పారు. ఆ సాయంత్రం ఏమీ చెప్పలేదు. ఈ పదిహేను రోజుల్లో ఒక్క అంకె కూడా రాలేదు. గోడ వైపు చూస్తారు, తర్వాత నా వైపు చూస్తారు. నోటుబుక్కులో మూడో వరుస ఖాళీగా ఉంది.

నీ మాట విన్నాను. అంతే.

ప్రమీల

*

ఎల్లారెడ్డి,
26 జూన్ 1986.

ప్రమీలా,

ఈ ఉత్తరం నాలుగోసారి రాస్తున్నాను. మూడు చింపేశాను.

నీ ఉత్తరం వచ్చిన రోజే తేజ్యాను పిలిపించి అడిగాను.

"తీగెను నడుమ్మీదికి కొయ్యమని ఎవరు చెప్పిన్రమ్మా?" అన్నాడు.

"నేనే."

వాడు తల కొట్టుకున్నాడు. "కంప వేరు, తీగె వేరు. కంపను కోస్తె పక్కలకు గట్టిపడ్తది. తీగెకు పువ్వు కొసలనే ఉంటది. కొసలన్నీ కోసినంక ఏం పూస్తది? ఆకు పూస్తది."

"చచ్చిపోతదా?"

"ఎందుకు చస్తది? వేరు మంచిగున్నది. పూసుడు ఆలిశెమైతది, గంతే. దసరా దాక పట్టొచ్చు."

నలభై ఏళ్ల పద్ధతి అని గొప్పగా రాశాను. అది సీమచింతకు పద్ధతి. నా ఇంటి చెట్టు తప్ప ప్రపంచంలో వేరే మొక్క లేనట్టు రాశాను. నన్ను తిట్టు. నువ్వు తిట్టకుండా "అంతే" అని రాసిన మాట నాకు అన్నం దిగనివ్వడం లేదు.

రామస్వామి అన్న దసరా దాకా ఆ ఖాళీ గోడను చూస్తూ కూర్చోవద్దు. ఇక్కడికి తీసుకురా. రాత్రి భూదేవి ఇంట్లో ఉంటారు. అది నా వెనక ఇల్లే కదా. పగలు నా చెట్టు కింద మంచం వేస్తాం. ముళ్లు రాలతాయని భయపడకు, రోజుకు రెండుసార్లు ఊడిపిస్తున్నాను. పువ్వులు లేవు, అది నిజం. గాలి ఉంది, మనుషులున్నారు. జీపు మాట్లాడి పంపనా?

నీ జవాబు తిట్టయినా సరే, రాయి.

హఫీజా

*

ఎల్లారెడ్డి,
9 ఆగస్టు 1986.

ప్రమీలా,

నువ్వు అన్నను ఇక్కడ దింపి నెల రోజులు మాతో ఉన్నావు. ఆ నెలంతా ఆయన నోరు విప్పలేదు. నువ్వు నోటుబుక్కు ఒళ్లో పెట్టుకొని ఎదురుగా కూర్చునేదానివి. ఎల్లయ్య సున్నం వేయిస్తున్నాడని కబురొచ్చి, మొండెం కాపలాకు ఒకటో తారీఖున కామారెడ్డి పోయావు. ఇవాళ్టికి తొమ్మిదో రోజు. కూర్చొని చదువు. నిలబడి చదవకు.

నిన్న శుక్రవారం. వాన వెలిసింది. అందరూ చెట్టు కిందే ఉన్నారు. దేవ్లి కట్ట కడుతోంది. కట్టకు ఇరవై ఐదు బీడీలు. దాని పద్ధతి నువ్వు చూశావు కదా, నోరు ఒకచోట, చేయి ఒకచోట.

"ఇరవై… ఇరవై ఒకటి… మా నల్లమేక ఈనింది భూదేవమ్మా… ఇరవై రెండు… రెండు పిల్లలు, రెండూ ఆడియే… ఇరవై నాలుగు… ఇరవై ఐదు." దారం చుట్టబోయింది.

మంచం మీద నుంచి వచ్చింది మాట.

"ఇరవై మూడు ఏది?"

ఎవరన్నారో ఎవరికీ అర్థం కాలేదు. దేవ్లి తల ఎత్తకుండానే, "ఏడవోతది, ఈడనే ఉన్నది" అంది.

"ఏది? చూపెట్టు."

అప్పుడు అందరం అటు తిరిగాం. అన్న మోచేతి మీద లేచి, కోపంగా దేవ్లి చేతిలోని కట్టను చూస్తున్నారు. బెల్లం మార్కెట్లో రైతుతో ఎట్లా ఉండేవారో అట్లాగే, కనుబొమలు రెండూ కలిశాయి. భూదేవి ఒళ్లోంచి చాట జారి తంబాకంతా నేలపాలైంది. అది దులుపుకోకుండానే అన్న కాళ్ల దగ్గర కూలబడింది. "అన్నా, మల్ల అను. ఒక్కసారి అను" అని ఒకటే ఏడుపు. దేవ్లి కట్ట విప్పి మళ్లీ లెక్కపెట్టింది. ఇరవై నాలుగే ఉన్నాయి.

"చూసినవా?" అన్నారు అన్న.

ఇది అంకె కాదు ప్రమీలా. మాట.

హఫీజా

*

కామారెడ్డి,
14 ఆగస్టు 1986.

హఫీజా,

కూర్చొనే చదివాను. తర్వాత లేవలేకపోయాను.

ఇవి రాసి పంపు. ఎన్ని గంటలప్పుడు? "చూపెట్టు" అన్నది ఒక్క ఊపులో వచ్చిందా, మధ్యలో ఆగిందా? "చూసినవా" తర్వాత ఇంకేమైనా అన్నారా? ఆ రోజు ఏమి తిన్నారు? నోటుబుక్కులో ఎక్కించాలి. మూడో వరుసలో ఇప్పుడు అంకెకు బదులు మాటలు రాయాలి, స్థలం సరిపోదు. కొత్త గీతలు కొట్టుకున్నాను.

నేను నిన్ను తిట్టలేదని బాధపడ్డావు. జూన్‌లో మనసులో చాలా తిట్టాను. అవన్నీ ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. నీ చెట్టు గురించి కూడా ఒక మాట రాయాలి. పన్నెండేళ్లుగా నా తీగను మించిందేదీ లేదనుకున్నాను. ఫిబ్రవరి నుంచి మరీ అనుకున్నాను. మాట పోయిన మనిషిని తియ్యగా పిలిచి ఒకటి, రెండు అనిపించింది అదే. ఆ గొప్ప దాని నుంచి ఎవరూ తీసుకోలేరు. కానీ ఎన్ని గుత్తులు పూసినా తీగకు తప్పు లెక్క చెప్పడం రాదు. మా ఆయన నోరు విప్పాలంటే ఎదుటివాళ్లు లెక్క తప్పాలని, పాతికేళ్లు ఆయనతో కాపురం చేసిన నాకు తెలియలేదు. నీ చెట్టు తన కింద ఎవరు కూర్చున్నా ఊరుకుంటుంది. దేవ్లి లాంటిది కూర్చున్నా ఊరుకుంటుంది. అంత పెద్ద మనసు నా తీగకు లేదు.

ఇక్కడి సంగతులు. సున్నం వేసే మనిషి వచ్చినప్పుడు చిగుర్లన్నీ పాత చీరలో చుట్టి, గోడకు దూరంగా పట్టుకొని పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా నిలబడ్డాను. ఎల్లయ్య చూసి, "ఏందక్కా, పసిపిల్లను ఎత్తుకున్నట్టు" అని నవ్వాడు. కొత్త కొమ్మలు ఏడు. అన్నిటికన్నా పొడవైనది ఆరడుగుల రెండంగుళాలు. మొగ్గ లేదు.

దేవ్లికి నా తరఫున ఒక మంచి రవిక గుడ్డ పంపుతున్నాను. ఎందుకో చెప్పకు. చెబితే ఇక ముందు సరిగ్గా లెక్కపెడుతుందేమో.

ప్రమీల

*

ఎల్లారెడ్డి,
28 ఆగస్టు 1986.

ప్రమీలకు సలాం,

నీ ప్రశ్నలకు జవాబులు. మూడు దాటింది, నాలుగు కాలేదు. "చూపెట్టు" ఒక్క ఊపులోనే వచ్చింది. ఆ తర్వాత ఏమీ అనలేదు, నీళ్లు తాగారు. జొన్నరొట్టె, తోటకూర తిన్నారు.

రవిక గుడ్డ ఇచ్చాను. ఎందుకో చెప్పాను. నా వల్ల కాలేదు. ఇప్పుడేమైందో విను. చెట్టు కింద సరైన లెక్క చెప్పేవాళ్లే లేరు. కట్టలు మాత్రం చేత్తో సరిగ్గానే కడుతున్నారు. నోటితోనే తప్పు. ఒకామె "పదిహేను, పదహారు, పద్దెనిమిది" అంటుంది. ఇంకొకామె కట్టలు లెక్కపెడుతూ "ఇరవై తొమ్మిది, ఇరవై పది" అంటుంది. మొదట్లో అన్న ఊరుకోలేదు. "పదిహేడు!" అని అరిచేవారు. "దొంగ లెక్క" అన్నారు ఒక రోజు. "మా మార్కెట్ల అయితె… ఎల్లగొడుదురు" అన్నారు ఇంకో రోజు. లెక్కపెట్టు, అది నాలుగు మాటలు.

మొన్న బక్రీదు తర్వాత పని మొదలైన రోజున భూదేవి మరీ దిగింది. "మూడు, నాలుగు, ఆరు" అంది. అన్న నోరు తెరిచి, ఆగి, చుట్టూ అందరి ముఖాలూ చూశారు. అందరూ తలలు వంచుకొని నవ్వు ఆపుకుంటున్నారు.

"కావాలని… చేస్తున్నరు గద," అన్నారు.

"లేదన్నా, నాకు సదువు రాదు" అంది భూదేవి.

అన్న నవ్వారు. మూతి ఒక పక్కకే పోయింది, కానీ అది నవ్వే. కళ్లు తుడుచుకొని గుమ్మం వైపు చూశారు. "ప్రమీల ఏది?" అన్నారు.

కాబట్టి వెంటనే రా. సున్నం ఆరే ఉంటుంది.

నీ ఉత్తరంలో నా చెట్టును అంత పొగిడావు. నేనూ ఒక నిజం రాస్తాను. ఐదు కొట్టగానే ఆడవాళ్లు చాటలు సర్దుకొని వెళ్లిపోతారు. పొద్దు గుంకాక నా చెట్టు చేసే పని ఏమీ లేదు. ఎండ లేనప్పుడు నీడ ఎవరికి కావాలి? సరిగ్గా ఆ వేళకే నీ తీగ మొదలవుతుంది. మస్కట్ నుంచి మా ఆయన ఉత్తరం రాని రోజుల్లో సాయంత్రం పూట నాకు ఏమీ తోచదు. గుమ్మంలో కూర్చొని, ఇప్పుడు కామారెడ్డిలో మొగ్గలు విచ్చే సమయం కదా అనుకునేదాన్ని. ఈ మాట నీకు ఎప్పుడూ చెప్పలేదు. వాదన ఓడిపోతానని చెప్పలేదు.

హఫీజా

*

కామారెడ్డి,
24 అక్టోబరు 1986.

హఫీజాకు,

ఆయనను తీసుకొని వచ్చి నెల దాటింది. ఉత్తరం ఆలస్యమైంది. కారణం పనులు కాదు, ఇంట్లో మాట్లాడే మనిషి ఉన్నాడు. వంకాయ కూరలో ఉప్పు తక్కువ అంటారు. పక్కింటి రేడియో గట్టిగా ఉంది అంటారు. ఒక్కో మాటకు నాలుగు ఊపిర్లు పడతాయి. నేను పొయ్యి మీద గిన్నె వదిలేసి వింటాను. రెండుసార్లు పప్పు మాడింది.

తేజ్యా దసరా అన్నాడు. పండగ దాటి పది రోజులు అయింది. నిన్న గురువారం సాయంత్రం మొదటి గుత్తి విచ్చింది. కాదు, ఒకటి కాదు. నిన్న పొద్దున జరిగింది ముందు రాస్తాను.

వంటింట్లో ఉన్నాను. వరండాలో ఇద్దరు మగవాళ్లు వాదించుకుంటున్నారు. ఒకటి ఎల్లయ్య గొంతు. రెండోది ఎవరిదో, మన ఇంటికి పొద్దున్నే తగాదాకు వచ్చిందెవరని చేతులు తుడుచుకుంటూ పరుగెత్తాను. ఎల్లయ్య గోడ వైపు చేయి చూపిస్తూ అరుస్తున్నాడు. తీగ మళ్లీ కొత్త సున్నం మీదికి పాకింది.

"నడుమ్మీదికి ఉంచుతమన్నరు గద! గిదేంది? మల్ల గోడెక్కింది."

మా ఆయన మంచం మీద కూర్చొని ఉన్నారు, ఎడమ చేత్తో కోడు గట్టిగా పట్టుకొని. "ఎల్లయ్యా," అన్నారు. ఊపిరి తీసుకున్నారు. "ఏటా… సున్నం… మేమేస్తం. నీ గోడ… నీకు తెల్లగ… ఇస్తం. తీగెను… ముట్టకు."

ఎల్లయ్య చేయి గాలిలోనే ఆగిపోయింది. వాడు నవంబరులో మార్కెట్ నుంచి ఈయనను మోసుకొచ్చిన నలుగురిలో ఒకడు. ఆ తర్వాత ఈ గొంతు వినలేదు. "అన్నా, నువ్వు మాట్లాడుతున్నవా?" అన్నాడు.

"నీతోనే… మాట్లాడుతున్న. ఇన్నవా లేదా?"

"ఇన్న అన్నా. ఇన్న." మెట్టు మీద కూర్చుండిపోయాడు. ఇక తీగ మాటే ఎత్తలేదు. మార్కెట్ సంగతులు, ఈ ఏడు చెరకు ఎట్లున్నది, భిక్నూర్ దిక్కు ఎవరు బావి తవ్వించారు, గంట సేపు చెప్పుకున్నారు. ఈయన ఒకటి అనడానికి పట్టే సమయంలో వాడు పది అంటాడు, అయినా ఆగి విన్నాడు. పోయేముందు నన్ను చూసి, "ఉండనీ అక్కా. తొండే కావచ్చు" అన్నాడు.

సాయంత్రం ఐదున్నరకు గుత్తులు విచ్చాయి. కోసిన తర్వాత వచ్చిన కొమ్మలు కదా, కొసకొసకూ మొగ్గే. నీ కంచె పద్ధతి దానికి అన్యాయం చేసిందనుకున్నాను. ఐదు నెలలు ఆలస్యం చేసింది, అంతవరకు నిజం. కానీ హఫీజా, ఇంత పూత దానికి పన్నెండేళ్లలో ఎప్పుడూ రాలేదు. గోడ పైనుంచి గేటు దాకా తెల్లగా దిగింది. వాసనకు దారిన పోయేవాళ్లు ఇద్దరు లోపలికి తొంగి చూశారు.

జూన్ నుంచి ఖాళీగా ఉన్న పేజీ తీసి, తేదీ వేసి, కలం పట్టుకొని ఆయన మంచం పక్కన కూర్చున్నాను. చెప్పండి, ఎన్ని, అన్నాను.

తీగను చూశారు. నన్ను చూశారు. దవడ రుద్దుకున్నారు.

"నువ్వే లెక్కవెట్టుకో," అన్నారు. "పొద్దుగాల్నుంచి మాట్లాడి… నాకు నోరు నొస్తున్నది."

నీ
ప్రమీల